వాసన బట్టది, మనిషిది కాదు

(సాయంత్రం చదువు కేంద్రంలో అక్కచెల్లెళ్ల ముందు చేసిన ప్రసంగం)



ఈ పూట మాట్లాడుకునే విషయం చిన్నదే. కానీ నలుగురిలో ఎవరూ నోరు విప్పనిది. ఒంటికి ఆపుకోలేని వాళ్లకు కట్టే బట్టల సంగతి. ఎంత ఉతికినా ఆ బట్టలను వదలని వాసన సంగతి.

ఈ మాట వినగానే కొందరికి నవ్వొస్తుంది. కొందరు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటారు. నవ్వొస్తే నవ్వండి, తప్పు లేదు. నవ్వు అయ్యాక మాత్రం చెవిపెట్టి వినండి. ఈ బాధ లేని వీధి ఏ ఊళ్లోనూ లేదు. బయటికి చెప్పుకోరు, అంతే.

ఈ బాధ ఎవరికి?

"ముసలివాళ్లకే గదా!" అంటారు. ముసలితనంలో ఎక్కువ, నిజమే. కానీ వాళ్లకే కాదు.

వరసగా కాన్పులైన తల్లులకు కింది కండరాలు వదులవుతాయి. దగ్గినా, తుమ్మినా, నీళ్ల బిందె ఎత్తినా నాలుగు చుక్కలు జారతాయి. ముట్లు ఆగిపోయిన ఆడవాళ్లలోనూ ఈ బాధ కనిపిస్తుంది. పక్షవాతం వచ్చి మంచాన పడ్డవాళ్లకు తెలియకుండానే పోతుంది. షుగరు జబ్బు ఉన్నవాళ్లకు మాటిమాటికీ వస్తుంది. గడప దాటేలోపే పడిపోతుంది. మగవాళ్లకూ ఉంది. వయసు మళ్లాక మూత్రం సంచి కింద ఉండే గ్రంథి పెరుగుతుంది. అప్పుడు చుక్కలు చుక్కలుగా కారుతుంది.

వీళ్లందరికీ ఏదో ఒక బట్ట కావాలి. మన ఇళ్లలో పాత నూలు చీర చింపి మడతలు పెడతారు. పాత పంచె ముక్కతో గోచీ కడతారు. ఇప్పుడు పట్నం దుకాణాల్లో ఉతికి వాడుకునే చెడ్డీలు కూడా అమ్ముతున్నారు. వాటి లోపల మెత్తటి గుడ్డ పొరలుంటాయి. అడుగున తడి దిగని పొర ఉంటుంది. ఒకసారి వాడి పారేసే డైపర్లూ ఉన్నాయి. కానీ అవి రోజుకు మూడు నాలుగు కావాలి. కూలికి పోయే ఇంటికి అది మోయలేని ఖర్చు. అందుకే చాలా ఇళ్లలో ఉతికి వాడే బట్టే దిక్కు.

ఆ బట్టను సరిగ్గా ఉతకడం ఒక విద్య. అక్షరాలు నేర్చినట్టే ఇదీ నేర్చుకోవచ్చు.

వాసన ఎక్కడిదాకా తీసుకుపోతుంది?

ఒక ఇల్లు అనుకుందాం. ఆ ఇంట్లో 70 ఏళ్ల అత్త. పొద్దున లేచి పొలం పోయే కోడలు. అత్తకు రెండేళ్లుగా ఒంటికి ఆగడం లేదు. కోడలు చెడ్డది కాదు. రోజూ బట్టలు ఉతుకుతుంది. సబ్బు అరగదీసి మరీ ఉతుకుతుంది. అయినా అత్త కూర్చున్న చోట వాసన.

మొదట మనవడు ఆమె పక్కలో పడుకోవడం మానేశాడు. "అవ్వ దగ్గర కంపు" అన్నాడు. పసివాడు, తెలియక అన్నాడు. ఆమె విన్నది. ఆ రాత్రే మంచం వసారా చివరికి జరుపుకుంది. తర్వాత అరుగు మీద కూర్చోవడం మానేసింది. పెళ్లి పిలుపు వస్తే, "మీరు పోయిరండి అమ్మాయ్, నాకు మోకాళ్లు పట్టేశాయి" అన్నది. మోకాళ్ల సంగతి కాదని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత ఆమె నీళ్లు తాగడం తగ్గించింది. తాగకపోతే ఒంటికి రాదు గదా అనుకున్నది. సాయంత్రం నాలుగు దాటితే గుక్కెడు కూడా ముట్టదు. ఎండాకాలంలో నాలుక పిడచగట్టుకుపోయింది. మూత్రం పచ్చగా చిక్కబడింది. మంట మొదలైంది. చలిజ్వరం వచ్చింది. చివరికి ఆస్పత్రికి మోసుకుపోవలసి వచ్చింది.

చూశారా! బట్టకు పట్టిన వాసన మనిషిని ఎక్కడిదాకా తీసుకుపోయిందో! ఇందులో అత్త తప్పు లేదు. కోడలి తప్పూ లేదు. ఉతికే పద్ధతి తెలియకపోవడమే లోటు.

వాసన ఎందుకు వస్తుంది?

అప్పుడే పోసిన మూత్రానికి అంత ఘాటు ఉండదు. పసిబిడ్డ తల్లిని అడగండి, చెబుతుంది. బిడ్డ ఒళ్లో తడిపితే వాసన రాదు. ఆ గుడ్డను మూలన పడేసి సాయంత్రం చూస్తే ముక్కు పగిలిపోతుంది. ఈ మధ్యలో ఏం జరిగింది?

యూరియా బస్తా తెలియని రైతు ఇల్లు ఉండదు. మూత్రంలో ఉండేది కూడా ఆ యూరియానే. ఫ్యాక్టరీలో చేసినా, ఒంట్లో తయారైనా పదార్థం ఒక్కటే. పెద్ద మనిషి మూత్రంలో రోజుకు ఇంచుమించు 20 నుంచి 30 గ్రాముల యూరియా పోతుంది. తినే తిండిని బట్టి కొంచెం అటూ ఇటూ ఉంటుంది.

యూరియాకు వాసన లేదు. కానీ బట్టలోనూ, చర్మం మీదా కంటికి కనపడని సూక్ష్మజీవులుంటాయి. తడి, వెచ్చదనం దొరికితే అవి యూరియాను విరగ్గొడతాయి. అప్పుడు అమ్మోనియా అనే వాయువు పుడుతుంది. తెల్లవారి పశువుల కొట్టంలోకి పోగానే కంటికీ ముక్కుకూ తగిలే ఘాటు అదే.

ఎంత ఆలస్యమైతే అంత యూరియా విరుగుతుంది. అంత ఘాటు పెరుగుతుంది. ఆ తడి ముక్కును బాధించి ఊరుకోదు. ఒంటిని కొరుకుతుంది. తొడల సందుల్లో చర్మం ఎర్రబడి, ఒరుసుకుపోయి, పుండు పడుతుంది.

ఉతికినా ఎందుకు పోదు?

బట్ట పోగుల మధ్య మూడు రకాల మడ్డి మిగిలిపోతుంది.

మొదటిది మూత్రంలోని ఉప్పులు.

రెండోది సబ్బు మడ్డి. మన బోరు నీళ్లు చాలా చోట్ల ఉప్పగా, బరువుగా ఉంటాయి. ఆ నీళ్లలో సబ్బు నురుగు రాదు, విరిగిపోతుంది. తెల్లటి జిడ్డుగా మారి బట్టకు పడుతుంది.

మూడోది నూనె. ఒరుపు తగ్గాలని తొడలకు కొబ్బరినూనె రాస్తారు. మంచిదే. కానీ ఆ నూనె రోజూ కొంచెం కొంచెం బట్టకు దిగుతుంది.

ఈ మూడూ కలిసి పోగుల చుట్టూ పొర కడతాయి. ఆ పొరలో సూక్ష్మజీవులు దాక్కుంటాయి. ఆరిన బట్ట బాగానే ఉన్నట్టుంటుంది. కట్టుకున్న గంటకు ఒంటి వేడి తగులుతుంది. కాస్త తడి తగులుతుంది. అంతే, పాత వాసన లేస్తుంది. చూసేవాళ్లు ఏమంటారు? "ఇప్పుడే గదా ఉతికిన బట్ట కట్టింది! ఇంకా వాసనంటే మనిషిదే వాసన" అంటారు. కాదు. వాసన బట్టది, మనిషిది కాదు.

కావాలంటే పరీక్ష చేసి చూడండి. ఉతికి ఆరేసిన బట్టను ఒక గిన్నెలో వేయండి. దాని మీద చెంబెడు వేడినీళ్లు పోయండి. ఆవిరితో పాటు ఘాటు లేస్తే బట్టలో మడ్డి ఉన్నట్టే. ఘాటు లేకపోతే బట్ట శుభ్రమైనట్టే.

రోజూ ఉతికే పద్ధతి

ఒకటి. తడిసిన బట్టను వెంటనే విప్పాలి. వెంటనే చన్నీళ్లలో జాడించి పిండాలి. సబ్బు అప్పుడే అక్కర్లేదు. ఈ ఒక్క పనితోనే సగం వాసన రాకుండా పోతుంది. ఎందుకు? యూరియా విరగకముందే నీళ్లలో కొట్టుకుపోతుంది గనుక.

రాత్రిపూట బయటికి పోయి ఉతకడం కుదరదు. అప్పుడు గది బయట ఒక బకెట్టులో సగం నీళ్లు పెట్టుకోండి. విప్పిన బట్టను అందులో ముంచి, పిండి, దండెం మీద వేయండి. ఉండచుట్టి మూలకు వేయవద్దు. ప్లాస్టిక్ కవర్లో మూట కట్టవద్దు. గాలాడని చోట కంపు రెట్టింపవుతుంది.

రెండు. రెంటికి అయిన బట్టయితే ముందు మలాన్ని మరుగుదొడ్డిలో దులపాలి. ఆ తర్వాత చన్నీళ్లతో కడగాలి. మొదటే వేడినీళ్లు పోయవద్దు. గుడ్డుకు వేడి తగిలితే గట్టిపడుతుంది గదా! మలం మరకైనా, నెత్తురు మరకైనా అంతే. వేడి తగిలితే పోగుకు అతుక్కుపోతుంది.

మూడు. ఇప్పుడు గోరువెచ్చని నీళ్లలో సబ్బు పొడి కలిపి అరగంట నానబెట్టాలి. సబ్బు కొలతగా వేయాలి. సబ్బు ఎక్కువైతే శుభ్రం ఎక్కువ కాదు. మడ్డి ఎక్కువవుతుంది. సబ్బు నురగరాని బోరు నీళ్లయితే కుంకుడుకాయ మేలు. ఉప్పు నీళ్లలోనూ కుంకుడు రసం నురగ ఇస్తుంది, సబ్బులా విరిగిపోదు. తెల్ల బట్టకు కాస్త రంగు అంటుతుంది. ఈ బట్టకు రంగుతో పనిలేదు గదా!

నాలుగు. బాగా రుద్ది పిండాలి. తర్వాత నురగ పోయేదాకా జాడించాలి. ఇక్కడే చాలామంది తొందరపడతారు. నీళ్లు లేవంటారు. దానికీ ఒక లెక్క ఉంది.

నీళ్ల లెక్క

బిందెలు మోసే ఆడవాళ్లకు నీళ్ల విలువ ఒకరు చెప్పనక్కర్లేదు. 15 లీటర్ల బకెట్టు ఒక్కటే ఉందనుకోండి. ఎలా వాడాలి?

పిండిన బట్టల్లో 1 లీటరు మురికి నీళ్లు మిగిలాయి అనుకుందాం. 15 లీటర్లూ ఒకేసారి పోసి జాడిస్తే మొత్తం 16 లీటర్లు అవుతాయి. పిండాక బట్టల్లో మళ్లీ 1 లీటరు మిగులుతుంది. అంటే మురికి 16 పాళ్లలో 1 పాలు బట్టలోనే ఉండిపోయింది.

అవే నీళ్లను మూడు వాటాలు చేయండి. ఒక్కో వాటా 5 లీటర్లు. మొదటి వాటా పోసి పిండితే 6 పాళ్లలో 1 పాలు మురికి మిగులుతుంది. రెండో వాటా పోసి పిండితే 36 పాళ్లలో 1 పాలు. మూడో వాటాకు 216 పాళ్లలో 1 పాలు.

నీళ్లు అవే 15 లీటర్లు. ఒకేసారి పోస్తే 16లో ఒక పాలు. మూడుసార్లు పోస్తే 216లో ఒక పాలు. ఎంత తేడానో చూడండి! కాబట్టి నీళ్లు తక్కువైనప్పుడు వాటాలు వేసి వాడండి. ప్రతిసారీ గట్టిగా పిండండి. గట్టిగా పిండకపోతే ఈ లెక్క పారదు.

సబ్బు కలపని మొదటి జాడింపు నీళ్లను అరటిచెట్టు మొదట్లో పోయవచ్చు. ఇంకో బకెట్టు నీళ్లు కలిపితే ఇంకా మంచిది. అది చెట్టుకు ఎరువే. బావి దగ్గరా, బోరు దగ్గరా మాత్రం పోయవద్దు.

ఎండే పెద్ద మందు

ఉతకడం ఎంత ముఖ్యమో ఆరేయడం అంత ముఖ్యం. ముట్టు బట్టలు ఎక్కడ ఆరేస్తాం? చీర కింద, తలుపు వెనక, దూలం చాటున. ఎవరి కంటా పడకూడదని. ఈ బట్టలనూ అలాగే దాస్తాం. చాటున ఆరిన బట్ట పైకి పొడిగా ఉన్నా లోపల చెమ్మ ఉంటుంది. చెమ్మలో సూక్ష్మజీవులు మళ్లీ పెరుగుతాయి. బట్ట ముక్క వాసన వేస్తుంది. ఒంటికి దురద, పుండ్లు పెడుతుంది.

ఎండ పడితే చెమ్మ పోతుంది. ఎండలోని శక్తి సూక్ష్మజీవులను చాలావరకు చంపుతుంది. ఎండకు కరెంటు బిల్లు లేదు. కాబట్టి దండెం ఎండలోకి మార్చండి. మడతలు విప్పి ఒంటిపొరగా ఆరేయండి. ఒకవైపు ఆరాక తిరగేయండి. సిగ్గనిపిస్తే పైన పలచటి నూలు బట్ట కప్పండి. కానీ నీడలో దాయవద్దు.

వానాకాలంలో ఎండ రాకపోతే గాలి తగిలే వసారాలో వేయాలి. పొడిబారాక ఇస్త్రీ పెట్టె వేడి తగిలిస్తే మిగిలిన చెమ్మ పోతుంది. అడుగున ప్లాస్టిక్ లాంటి పొర ఉండే దుకాణం చెడ్డీలకు ఇస్త్రీ పనికిరాదు. ఆ పొర కరిగిపోతుంది.

మనిషికి కనీసం 12 బట్టలు ఉంచుకోండి. రోజుకు 5 మారుస్తారు. 5 ఆరుతూ ఉంటాయి. 2 మిగులుగా ఉంటాయి. బట్టలు తక్కువైతే ఆరీ ఆరని బట్ట కట్టవలసి వస్తుంది. వాసన మళ్లీ మొదటికొస్తుంది.

పాత నూలు బట్ట అన్నిటికన్నా మేలు. పీలుస్తుంది. మరిగే నీళ్లకు తట్టుకుంటుంది. నైలాను, టెరికాటన్ బట్టలు తడిని సరిగ్గా పీల్చవు. నూనె జిడ్డును మాత్రం వదలవు.

మొండి వాసనకు వారానికోసారి

ఇప్పటికే వాసన పట్టిన బట్టలు ఏం చేయాలి? మన చాకలి అమ్మలు, అయ్యలు దీనికి ఎప్పుడో దారి చూపారు. బట్టలను చౌడు కలిపిన నీళ్లలో తడిపేవారు. బాన మీద పేర్చి ఆవిరి పట్టించేవారు. దాన్నే ఉబ్బ వేయడం అంటారు. చౌడులోని కారం జిడ్డును విడదీస్తుంది. ఆవిరి వేడి సూక్ష్మజీవులను చంపుతుంది. ఊరి వాళ్ల పురుటి బట్టలు, ముట్టు బట్టలు ఉతికి ఊరిని శుభ్రంగా ఉంచింది వాళ్లే. వాళ్ల విద్యను మైల పని అని చిన్నచూపు చూడటం మన తప్పు.

చౌడుకు బదులు ఇప్పుడు కిరాణా కొట్లో బట్టల సోడా దొరుకుతుంది. వంట సోడా వేరు, బట్టల సోడా వేరు. అడిగి తీసుకోండి. చేసే పద్ధతి ఇది:

10 లీటర్ల నీళ్లలో రెండు పెద్ద చెంచాల బట్టల సోడా కలపండి. ఉతికిన నూలు బట్టలు అందులో వేయండి. పొయ్యి మీద పెట్టి 15 నిమిషాలు మరగనివ్వండి. కర్రతో తిప్పండి. దించి చల్లారాక మూడు నీళ్లలో జాడించండి. నీళ్ల మీద తేలే తెల్లటి మురికి చూస్తే అన్నాళ్లూ బట్టలో ఏముందో అర్థమవుతుంది.

జాగ్రత్తలు మూడు. సిల్వరు గిన్నె వాడవద్దు, సోడా ఆ గిన్నెను తినేస్తుంది. ఇనుప డబ్బా గానీ పాత స్టీలు గిన్నె గానీ ఈ పనికే విడిగా ఉంచండి. సోడా నీళ్లలో చేతులు పెట్టవద్దు, మండుతాయి. పిల్లలను పొయ్యి దగ్గరికి రానివ్వవద్దు.

దుకాణం చెడ్డీలను మరిగించకూడదు. లాస్టిక్కు, అడుగు పొర పాడవుతాయి. వాటిని గోరువెచ్చని నీళ్లలో ఒక చెంచా బట్టల సోడా వేసి అరగంట నానబెట్టి ఉతికితే చాలు. మీద అతికించిన చీటీలో ఎలా ఉతకాలో బొమ్మలతో వేసి ఉంటారు. ఆ బొమ్మలు చూడండి.

చివరి జాడింపులో రెండు నిమ్మకాయల రసం పిండితే ఇంకా మంచిది. అమ్మోనియా కారం లాంటిది, నిమ్మరసం పులుపు. పులుపు కారాన్ని విరుస్తుంది. ఆ తర్వాత ఒకసారి మంచినీళ్లలో జాడించండి.

ఎంత చేసినా వాసన వదలని బట్టను ఇక దాచుకోవద్దు. దాని పని అయిపోయింది.

చేయకూడని పనులు

ఉచ్చ తడిసిన బట్ట మీద బ్లీచింగ్ పౌడరు చల్లవద్దు. ఇది చాలా ముఖ్యం. మూత్రంలోని అమ్మోనియా, బ్లీచింగ్ పౌడరు కలిస్తే విషవాయువు పుడుతుంది. కళ్లు మండుతాయి, దగ్గు తెరలు వస్తాయి, ఊపిరాడదు. బ్లీచింగ్ పౌడరులో నిమ్మరసం, మరుగుదొడ్డి కడిగే యాసిడ్ కలిపినా అంతే. తలుపులు మూసిన స్నానాల గదిలో అయితే ప్రాణానికే ముప్పు.

ఫినాయిల్ నీళ్లలో ఈ బట్టలు ముంచవద్దు. ఫినాయిల్ నేలకు, ఒంటికి కాదు. బట్టలో మిగిలితే చర్మం బొబ్బలెక్కుతుంది.

అత్తరు, పౌడరు చల్లి వాసన కప్పవద్దు. కంపూ ఉంటుంది, అత్తరూ ఉంటుంది. రెండూ కలిసి ఇంకో వాసన అవుతుంది. బట్టలకు సువాసన ఇచ్చే మెత్తటి ద్రవాలూ వద్దు. అవి పోగు మీద పొర కట్టి తడి పీల్చనివ్వవు.

పరుపు సంగతి కూడా మరవద్దు. బొంత మీద రబ్బరు షీటు, దాని మీద నూలు బట్ట వేయండి. బట్ట రోజూ మారుతుంది. బొంతకు తడి దిగదు.

నీళ్లు మానవద్దు

వాసన భయంతో నీళ్లు మానితే వాసన తగ్గదు, పెరుగుతుంది. నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడుతుంది. చిక్కటి మూత్రానికి ఘాటు ఎక్కువ. మూత్రం సంచిని గిల్లినట్టు చేసి ఇంకా తొందరపెడుతుంది. మలబద్ధకం వస్తుంది. అది మూత్రం సంచిని నొక్కుతుంది. బాధ రెట్టింపు.

కాబట్టి పెద్దవాళ్లకు పగలంతా కొంచెం కొంచెంగా నీళ్లు, మజ్జిగ, గంజి ఇస్తూ ఉండాలి. రోజుకు 6 నుంచి 8 గ్లాసులు. గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఉండి డాక్టరు కొలత చెప్పి ఉంటే ఆ కొలతే పాటించాలి. పడుకోవడానికి రెండు గంటల ముందు తగ్గిస్తే చాలు. రెండు మూడు గంటలకోసారి, రాకపోయినా, మరుగుదొడ్డికి తీసుకుపోండి. కొన్ని బట్టలు తడవకుండా మిగులుతాయి.

ఎప్పుడు ఆస్పత్రికి పోవాలి?

వాసన హఠాత్తుగా మారితే అది బట్ట వాసన కాకపోవచ్చు. మూత్రం మంట, జ్వరం, మబ్బుగా పోవడం, నెత్తురు కనపడటం ఉంటే చీము పట్టిందేమో చూపించాలి. మూత్రం పోసిన చోట చీమలు పడుతుంటే షుగరు పరీక్ష చేయించాలి. మంచి మనిషి ఉన్నట్టుండి ఆపుకోలేకపోయినా, అసలు రాక పొట్ట ఉబ్బినా ఆలస్యం చేయకూడదు. ఆశా కార్యకర్తకు గానీ, ఏఎన్ఎంకు గానీ చెప్పి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పోవాలి.

దగ్గితే తుమ్మితే చుక్కలు పడే ఆడవాళ్లకు ఒక కసరత్తు ఉంది. 1948లో ఆర్నాల్డ్ కెగెల్ అనే అమెరికా డాక్టరు దీన్ని వైద్యులకు పరిచయం చేశాడు. మూత్రం ఆపుకోవడానికి ఏ కండరం బిగిస్తామో దాన్నే బిగించాలి. 5 లెక్కపెట్టి వదలాలి. ఇలా 10 సార్లు, రోజుకు మూడు పూటలు. ఊపిరి బిగబట్టకూడదు. మూత్రం పోస్తూ చేయకూడదు. కూర్చున్నా, పడుకున్నా చేయవచ్చు. పక్కన ఉన్నవాళ్లకు కూడా తెలియదు. మూడు నెలలు విడవకుండా చేస్తే చాలామందికి గుణం కనిపిస్తుంది. గర్భసంచి కిందికి జారినట్టు అనిపిస్తే డాక్టరుకు చూపించండి. "సంచి తీసేస్తే అన్నీ పోతాయి" అనే మాటకు తొందరపడి తలూపవద్దు. ఇంకో డాక్టరును కూడా అడగండి.

ఈ పని ఎవరిది?

ఇంటికి ఒక కోడలు ఉంటే ఈ పని ఆమెదే అంటారు. కోడలు లేకపోతే కూతురిది. ఇద్దరూ లేకపోతే ముసలామెదే. కొడుకు పేరు ఎక్కడా రాదు. ఎందుకు రాదు? ఆ తల్లి ఆ కొడుకు పొత్తిగుడ్డలు ఎన్ని ఉతికి ఉంటుంది! ఆమె బట్ట ఒకటి కొడుకు జాడిస్తే చేయి అరిగిపోదు. ఉతకడం రాకపోతే నీళ్లు తేవచ్చు. సోడా మరిగించవచ్చు. దండెం ఎండలో కట్టవచ్చు. పని పంచుకుంటే విసుగు తగ్గుతుంది. విసుగు తగ్గితే మాట మెత్తబడుతుంది.

మాట కూడా ముఖ్యమే. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని పెద్దలు ఊరికే అనలేదు. "కంపు కొడుతున్నావు" అంటే ఆ మాట ఏ సోడాకూ పోదు. "అత్తయ్యా, బట్ట మార్చే వేళయింది, రండి" అంటే చాలు. ఆ మనిషి తల ఎత్తుకుని లేస్తుంది. పిల్లలకూ చెప్పండి. అవ్వకు జబ్బు ఉంది, అవ్వ మురికిది కాదు అని.

శుభ్రమైన బట్ట కట్టుకున్న అవ్వ అరుగు మీద కూర్చుంటుంది. మనవడికి కథ చెబుతుంది. పెళ్లికి పోతుంది. కడుపు నిండా నీళ్లు తాగుతుంది. అంతకన్నా కావలసిందేముంది?

గుర్తు పెట్టుకోండి

తడిసిన వెంటనే చన్నీళ్లలో జాడించండి.
సబ్బు కొలతగా, జాడింపు మూడుసార్లు.
ఎండలో ఒంటిపొరగా ఆరేయండి.
వారానికోసారి సోడా నీళ్లలో మరిగించండి.
ఉచ్చ బట్టకు బ్లీచింగ్ పౌడరు వద్దు.
నీళ్లు తాగడం మానవద్దు.
వాసన బట్టది, మనిషిది కాదు.

చదివాక మాట్లాడుకోండి

1. మీ వీధిలో ఈ బాధ ఉన్నవాళ్లు బయటికి రాకుండా ఉండిపోయారా? వాళ్ల ఇంటికి పోయి ఏం చెబుతారు?
2. మీ ఊరి నీళ్లలో సబ్బు నురగ వస్తుందా? రాకపోతే ఏం వాడతారు?
3. 12 లీటర్ల నీళ్లున్నాయి. పిండిన బట్టల్లో 1 లీటరు మురికి నీళ్లున్నాయి. 4 లీటర్ల చొప్పున మూడుసార్లు జాడిస్తే మురికి ఎన్ని పాళ్లలో ఒక పాలు మిగులుతుంది? లెక్క వేయండి.
4. మీ ఇంట్లో ఈ పనిని ఎవరెవరు పంచుకోవచ్చు? పేర్లు రాయండి. మగవాళ్ల పేర్లు మరవకండి.